ఏడుపు కుండలు

చెంగల్వకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. కూతురు ఎక్కడో ఏడుస్తూ ఉంటుంది, ఆ ఏడుపు తన చెవిన పడుతూ ఉంటుంది, తను మాత్రం వెళ్ళలేకపోతుంది.

వేరే భయాలు లేవని కాదు. ఉరుమంటే భయం, బల్లి అంటే భయం, కందకంలో మొసళ్ళంటే భయం. గాలి కాస్త గట్టిగా వీస్తే దీపం పడి ఉయ్యాల అంటుకుంటుందేమోనని లేచి కూర్చునే మనిషి. కూతురు పొన్ని నిద్రలో ఊపిరి తీస్తోందో లేదో అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, ఆ వేలు చల్లగా తగిలి పిల్ల లేచి గుక్కపెడితే, "అమ్మయ్య, ఏడుస్తోంది" అని సంతోషించే మనిషి. అలాంటి మనిషి ఒంటరిగా శత్రువుల దండులోకి వెళ్ళిందంటే నమ్మడం కష్టమే. కానీ వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో తెలియాలంటే ముందు కోట సంగతి తెలియాలి.

పగడగిరి కోట ఎర్రరాతి కోట. పొద్దుపొడుపు వేళ చూస్తే, సముద్రంలోంచి అప్పుడే తీసి ఆరబెట్టిన పగడాల దండలా కొండ నడుమును చుట్టుకుని మెరుస్తుంది. బురుజు బురుజుకో రంగు పతాకం. సింహద్వారానికి గుమ్మడికాయలంత ఇత్తడి బొడిపెలు. గోడ కింద కందకం, ఆ నల్లటి నీళ్ళలో అరటిబోదెల్లా కదలకుండా తేలే మొసళ్ళు. ఆ గోడ ఎక్కిన శత్రువు లేడు, ఆ ద్వారం విరిచిన ఏనుగు లేదు. అయితే సింహద్వారం పక్కనే, మనిషి వంగి దూరేటంత చిన్న తలుపు ఒకటి ఉంది. దాని పేరు పాలతలుపు.

ఆ తలుపు పెట్టించింది వెనకటి మహారాణి మైలాంబిక. ఆవిడ పసికందుగా ఉన్నప్పుడు కరువులో ఎవరో ఈ కోట గోడ బయట వదిలి పోతే, లోపలి ఆడవాళ్ళు ఏడుపు విని తెచ్చుకుని పెంచారట. రాణి అయ్యాక ఆవిడ ఒట్టు పెట్టించింది. కోట బయట బిడ్డ ఏడిస్తే, అది మనవాళ్ళ బిడ్డయినా సరే, శత్రువు బిడ్డయినా సరే, తలుపు మూసి ఉండకూడదు. పాలున్న తల్లి ఎవరైతే ముందు వింటుందో ఆమే గడియ తీసి, కందకం మీద పలక వేసుకుని వెళ్ళి తెచ్చుకోవాలి. ఆ గడియ మీద రాజుకు కూడా అధికారం లేదు. అది పాలిచ్చే తల్లులది.

ఇంత మంచి తలుపు ఇంతకాలం ఎవరి కంటా పడలేదు. మృషాసిద్ధుడి కంట పడింది.

మృషాసిద్ధుడు శరభదేశపు రాజుగారి మాంత్రికుడు. శరభదేశపు సైన్యం వచ్చి పగడగిరి చుట్టూ డేరాలు వేసింది కానీ, ఇంతవరకు ఒక్క బాణం వెయ్యలేదు. బాణాల పని మాంత్రికుడే చూసుకుంటున్నాడు. మొదట కోటలో పెద్దబావి విషమైపోయిందని ఒక మాట వదిలాడు. మాట గోడ దాటి ఎలా వచ్చిందో తెలియదు, ఒక్క పూటలో ఊరంతా నాలుక పిడచకట్టుకుపోయింది. చివరికి కోట సైన్యానికి పెద్ద, దళవాయి ముమ్మడినాయుడు బావిగట్టున కూర్చుని, అందరూ చూస్తుండగా చెంబు తరవాత చెంబు తాగి చూపిస్తే గానీ కుదుటపడలేదు. పాపం ఆయన ఆ పూటంతా పెరట్లోకి, ఇంట్లోకి తిరుగుతూనే ఉన్నాడు. తరవాత మాంత్రికుడు చీకటి పడే వేళ ఎదురు కొండమీద దివిటీలు నడిపించాడు. దివిటీల వెనక దివిటీలు, కొండంతా నిప్పుల నది. లక్షల సైన్యం వచ్చిపడిందని కోటలో ఆడామగా వణికిపోయారు. ఉన్నట్టుండి ఒక దివిటీ "మే" అంది. మేకల కొమ్ములకు దివిటీలు కట్టి తోలుతున్నాడని తెలిశాక జనం కడుపులు పట్టుకుని నవ్వారు.

ఆ నవ్వు మాంత్రికుడికి వినిపించినట్టుంది. ఆ మర్నాటి నుంచి ఏడుపులు మొదలుపెట్టాడు.

సరిగ్గా సందెవేళకు, కందకం అవతల వెదురుపొదల్లోంచి పసిపిల్లల ఏడుపులు వస్తాయి. ఆకలి ఏడుపులు. గుక్కపెట్టి, మధ్యలో ఊపిరందక ఆగి, మళ్ళీ అందుకునే ఏడుపులు. కోటలో వంటలు మాడిపోయాయి. కాపలావాళ్ళు చెవుల్లో దూది పెట్టుకున్నారు. పాలిచ్చే తల్లుల సంగతైతే చెప్పక్కర్లేదు. బుద్ధికి అది మాయ అని తెలుస్తూనే ఉంది. కానీ రవికెలు తడిసిపోతున్నాయి. ఒంటికి ఎవరు చెబుతారు, అది మాయ అని?

వెదురుపొదల వెనకే శరభదేశపు గుర్రపుదండు కళ్ళెం బిగించి నిలబడి ఉందని బురుజు మీదివాళ్ళకు తెలుసు. పాలతలుపు తెరిచి పలక వెయ్యడమే ఆలస్యం, రౌతులు దూరి వచ్చి సింహద్వారం తీస్తారు, గుర్రాలు లోపలుంటాయి.

ఆ సాయంత్రం తల్లులు రోకళ్ళు పట్టుకుని పాలతలుపు దగ్గరికి వచ్చారు. దళవాయి ముమ్మడినాయుడు తలుపుకు వీపు ఆనించి, కాళ్ళు చాపి కూర్చున్నాడు. మీసాలు తప్ప మిగతా అంతా మెత్తటి మనిషి.

"లే, దళవాయీ" అంది తిప్పక్క. ఆమె ముగ్గురు పిల్లల తల్లి. గొంతు విప్పిందంటే నగారాకు సెలవివ్వొచ్చు.

"లేవను."

"గడియ నీది కాదు, మాది."

"గడియ మీదే తల్లీ, కాదన్నానా? నేను ఊరికే నడుం నొప్పికి ఆనుకున్నాను."

"వేళాకోళాలొద్దు. అది నిజంగా బిడ్డే అయితే? పొద్దున్నకి ఆ పొదల్లో పసికందు శవం కనిపిస్తే, నీ మీసాలు ఎక్కడ పెట్టుకుంటావు?"

"తలుపు తీశాక మన పిల్లల శవాలు కనిపిస్తే, అప్పుడు నీ రోకలి ఎక్కడ పెట్టుకుంటావే?"

రెండు మాటలూ నిజమే. అదే వచ్చిన చిక్కు. వాడు అబద్ధం పంపి ఉంటే ఎవరో ఒకరు కొట్టిపారేసేవారు. వాడు పంపింది అనుమానం.

చెంగల్వ పొన్నిని భుజాన వేసుకుని గుంపు చివర నిలబడి ఉంది. ఆమె పెనిమిటి రాజకుమారుడు జయధ్వజుడి వెంట పడమటి కనుమల్లోకి సాయం తేవడానికి వెళ్ళాడు. ముమ్మడినాయుడు ఆమె పెనిమిటికి మేనమామ. చెంగల్వ ఏమనుకుందో ఏమో, గబగబా బురుజు మెట్లెక్కి, వెదురుపొదల వైపు తిరిగి, గొంతెత్తి జోల అందుకుంది.

"జోజో నా పాలపిట్ట, జోజో పగడాల పిట్ట, గోడమీద గాలొచ్చె కొంగు కప్పుకోవె..."

కింద అందరూ ఈ పిల్లకేమైనా పిచ్చా అన్నట్టు చూశారు. ఆ గొంతుకు భుజాన పొన్ని ఉలిక్కిపడి కాస్త ఏడ్చింది. ఆమె పాడుతూనే చెవులు రిక్కించింది. ఏ బిడ్డయినా ఎంత ఆకలి మీదున్నా, జోల చెవిన పడగానే ఒక్క క్షణం ఆగుతుంది. అమ్మేనా కాదా అని విని, కాదని తేలాక రెట్టింపు కోపంతో మళ్ళీ మొదలుపెడుతుంది. ఈ ఏడుపులు ఆగలేదు. గానుగెద్దులా ఒకే దారిన తిరుగుతున్నాయి.

"మావయ్యా! దొంగ ఏడుపులే!" అని అరిచింది చెంగల్వ. తల్లులందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. తిప్పక్క రోకలి కింద పెట్టబోయింది.

"ఆగక్కా" అంది చెంగల్వ. "ఒకటి ఆగింది. అన్నిటి వెనక, సన్నగా, పీలగొంతు ఒకటుంది. నేను పాడగానే ఆగింది. అది బిడ్డే."

తిప్పక్క రోకలి మళ్ళీ పైకి లేచింది.

"ఇంకేం, తియ్ తలుపు!"

"తలుపు తియ్యక్కర్లేదు" అంది చెంగల్వ. తన నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చిందో తనకే తెలియలేదు. "రాణిగారి ఒట్టు బిడ్డకు పాలందాలని. తలుపు తియ్యాలని కాదు. బిడ్డ దగ్గరికి పాలు వెళితే సరిపోతుంది. నేను గోడ దిగి వెళతాను."

"నువ్వా!" అన్నాడు దళవాయి. "మొన్న బల్లిని చూసి నా వీపెక్కావు కదే కోడలు పిల్లా!"

"బల్లులు ఉండవుగా మావయ్యా, అక్కడ. సైనికులే ఉంటారు."

తిప్పక్క ఆమెను కిందనుంచి మీదికి చూసింది. "సరే, వెళ్ళు. కానీ చందమామ తాటితోపు దాటేలోగా ఆ ఏడుపు ఆగకపోతే గడియ తీస్తాను. ఎవరడ్డొచ్చినా సరే. నా రొమ్ము నా మాట వినట్లేదే, ఏం చెయ్యను?"

ఉత్తరపు వైపు, కందకం కాస్త ఇరుకైన చోట, పహరావాళ్ళు రాళ్ళు లాక్కునే పెద్ద వెదురుబుట్ట ఉంది. చెంగల్వ పొన్నిని దళవాయి చేతుల్లో పెట్టింది. ఆయన పులిపిల్లను పట్టుకున్నట్టు చేతులు బార్లా చాపి పట్టుకున్నాడు.

"అలా కాదు మావయ్యా, మెడ కింద చెయ్యి వెయ్యి. ఉలిక్కిపడితే వీపు మీద తట్టు, మద్దెల వాయించినట్టు కాదు, మెల్లిగా. పళ్ళొస్తున్నాయి, ఏది దొరికితే అది చప్పరిస్తుంది, నీ కత్తిపిడి దగ్గరికి రానివ్వకు. మీసం పట్టుకుంటే పట్టుకోనివ్వు. బోర్లా పడుకోబెట్టకు. మంచులో తిప్పకు. ఎక్కిళ్ళొస్తే..."

"అమ్మాయ్, నేను మూడు యుద్ధాలు చేసినవాణ్ణి."

"యుద్ధంలో ఎక్కిళ్ళొస్తే ఏం చేశావు?"

పొన్ని ఆయన మీసం పట్టుకుని, కళ్ళు మూసుకుంది. చెంగల్వ కూతురి అరికాలు ఒకసారి ముట్టుకుని, వెనక్కి చూడకుండా బుట్టలో కూర్చుంది.

పహరావాళ్ళు బుట్ట దింపి, ఉయ్యాల ఊపినట్టు ఊపడం మొదలుపెట్టారు. అటు ఊగితే కోటగోడ, ఇటు ఊగితే అవతలి గట్టు, మధ్యలో నల్లటి నీళ్ళు. రెండు ఊపులయ్యాక ఆ నీళ్ళలో ఒక అరటిబోదె కళ్ళు తెరిచింది. మూడో ఊపుకు అది నోరు తెరిచింది. నోరంటే నోరు కాదు, రెండు రంపాలు అతికించిన వాకిలి! చెంగల్వ కాళ్ళు ముడుచుకుని కేకేసేలోపు పైనుంచి ఏదో మూట దబ్బున వచ్చి ఆ వాకిట్లో పడింది. మొసలి టక్కున నోరు మూసి మునిగిపోయింది.

"నా జొన్నరొట్టెలు!" అని పైనుంచి దళవాయి ఏడుపు గొంతు వినిపించింది. "ఉల్లిపాయ కూడా ఉందే అందులో!"

చెంగల్వ అవతలి గట్టు మీదికి ఒక్క దూకు దూకి, తుమ్మపొదల చాటున పాకుతూ దండు వైపు సాగింది.

శరభదేశపు దండు ఒక నడిచే పట్నంలా ఉంది. పసుపుపచ్చని డేరాలు గడ్డివాముల్లా వరుసలు తీరి ఉన్నాయి. వాటి మధ్య గంటలు మోగించుకుంటూ ఏనుగులు, పొయ్యిలు, పొగలు, జూదాలు, మంగలివాళ్ళు. ఒక వైపు కుమ్మరి ఆవం దగ్గర్నుంచి ఆడకూలీలు కొత్త కుండలు నెత్తిన పెట్టుకుని బారులు తీరి వస్తున్నారు. ఇంత దండుకు ఇన్ని కుండలెందుకా అని చెంగల్వకు అనుమానం వచ్చింది. ఆవం పక్కన కుప్ప పోసిన వాటిలోంచి ఒకటి తీసి నెత్తిన పెట్టుకుని, కొంగు మొహం మీదికి లాక్కుని, బారు చివర కలిసిపోయింది.

బారు వెళ్ళి ఒక నల్లపట్టు డేరా ముందు ఆగింది. దాని గోడల నిండా వెండిజరీతో చెవులు కుట్టి ఉన్నాయి. చిన్న చెవులు, పెద్ద చెవులు, కమ్మలున్న చెవులు, ఏనుగు చెవులు. గాలికి డేరా కదిలినప్పుడల్లా అన్ని చెవులూ ఒకేసారి వింటున్నట్టు కదులుతున్నాయి. గుమ్మం దగ్గర బల్లెం పట్టుకుని నిలబడ్డ సైనికుడు చెంగల్వను ఆపాడు.

"ఏయ్, నువ్వెవరు? నిన్న చూళ్ళేదే నిన్ను?"

చెంగల్వ గుండె గొంతులోకి వచ్చింది. కానీ నోరు గుండెకంటే ముందుంది.

"ఎలా చూస్తావన్నా, నిద్రపోతుంటివి. నేను చూశాను నిన్ను. నోరు తెరుచుకుని, బల్లేన్ని కౌగిలించుకుని... పెద్దలకు చెప్పనులే."

సైనికుడు చుట్టూ చూసి, దారి వదిలాడు. "నా పేరు మాచన్న. ఎవరితోనూ అనకమ్మా, పుణ్యముంటుంది. ఈ ఏడుపులకు మాకు మాత్రం నిద్ర ఎక్కడిది?"

లోపల అరల మీద అరలు. అరల నిండా మూతులకు పసుపుగుడ్డలు కట్టిన కుండలు. గుడ్డలు ఉబ్బుతూ, అణుగుతూ, కుండలన్నీ ఊపిరి తీస్తున్నాయి. మధ్యలో చందనపు పీట మీద మృషాసిద్ధుడు కూర్చుని ఉన్నాడు. చెంగల్వ ఎర్రటి కళ్ళు, పులిగోళ్ళు, పుర్రెల దండ ఉంటాయనుకుంది. అవేమీ లేవు. తెల్లటి పంచె, నున్నగా దువ్విన జుట్టు, నోట్లో తాంబూలం. పెళ్ళిళ్ళ పేరయ్యలా నవ్వుమొహం. ఎదురుగా శరభదేశపు సేనాని అసహనంగా పచార్లు చేస్తున్నాడు. చెంగల్వ కుండ దించే నెపంతో అరల చాటున నక్కింది.

"ఎంతకాలం సిద్ధుడా ఈ కుండల బేరం? ఏనుగుల్ని తోలి ద్వారం విరగ్గొడదాం" అన్నాడు సేనాని.

"ద్వారం విరగ్గొడితే వాళ్ళు గోడ మీదనుంచి పోరాడతారు నాయనా. వాళ్ళంతట వాళ్ళు తలుపు తీశారనుకో, ఇంక పోరాడరు. ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూ కూర్చుంటారు." మాంత్రికుడి గొంతు పానకంలా తియ్యగా ఉంది. "అందరూ శత్రువు బలహీనత వెతుకుతారు. నేను మంచితనం వెతుకుతాను. బలహీనత దగ్గర కాపలా ఉంటుంది. మంచితనానికి కాపలా ఎవరు పెడతారు?"

"మరి మేకలప్పుడు నవ్వారుగా?"

మాంత్రికుడి నవ్వు ఒక్క క్షణం ఆగింది. "అందుకే ఈసారి నవ్వలేనిది తెచ్చాను. కోట మాట ఈ డేరా చెవులకు, ఇక్కడి ఏడుపు ఆ వెదురుపొదలకు చేరేలా మంత్రం కట్టాను. కాకపోతే ఇందులో ఒక ఇబ్బంది ఉంది. కుండలో ఏడుపు నిలవుంటే పలచబడిపోతుంది. పాలకు తోడు వేసినట్టు, అన్నిటి మధ్యా నిజం ఏడుపు ఒకటి ఉండాలి. అదుగో, ఆ మూల."

మూలన తెరచాటున చీరగుడ్డ ఉయ్యాల వేలాడుతోంది. అందులో ఎండుపుల్లలాంటి ఒక పసివాడు. ఏడ్చి ఏడ్చి గొంతు పీలబోయింది.

"వాళ్ళు తలుపు తీసేదాకా వాడికి పాలు పట్టనివ్వకు" అని గుమ్మంలోని మాచన్నకు చెప్పి, మాంత్రికుడు సేనాని భుజం మీద చెయ్యేసి, పొదల దగ్గర గుర్రపుదండును చూడ్డానికి బయటికి తీసుకెళ్ళాడు.

చెంగల్వ మూలకు పరుగెత్తి, బిడ్డను ఎత్తుకుని, తెరచాటున చతికిలబడి రొమ్ముకందించింది. వాడు ఒక్కసారి ఎగశ్వాస తీసి, రెండు గుప్పిళ్ళతో ఆమె రవికె పట్టుకుని, మళ్ళీ ఎవరైనా లాక్కుంటారేమోనన్నట్టు తాగడం మొదలుపెట్టాడు. డేరాలో పీలగొంతు ఆగింది. అరల మీద ఒక కుండ గుడ్డ అణిగిపోయింది. తరవాత దాని పక్కది.

"ఏడుపు తగ్గిందేంటి?" అంటూ మాచన్న తొంగిచూశాడు. తెరచాటున ఆమెను చూసి బల్లెం ఎత్తాడు. "ఓసి నీ... పాలు పట్టకూడదన్నారే! నా తల తీయించేస్తారు!"

"నీకు పిల్లలున్నారా అన్నా?"

"ఉన్నాడు ఒకడు. నేను బయల్దేరేటప్పటికి బోర్లా పడుతున్నాడు. నీకెందుకు?"

చెంగల్వకు ఆ క్షణాన బల్లెం కనిపించింది, గుమ్మం కనిపించింది, రెంటి మధ్యా తను ఎటూ వెళ్ళలేనని కనిపించింది. నోటికి వచ్చింది అనేసింది.

"ఈ కుండల్లో ఏడుపులు ఎక్కడివనుకున్నావు? పగడగిరి పిల్లలు కోటలో ఉన్నారు, వాళ్ళ ఏడుపులు ఇక్కడికెలా వస్తాయి? మీ శరభదేశపు పిల్లలవే. మీరిటు వచ్చాక మీ ఊళ్ళల్లో పట్టుకొచ్చాడట. ఆవం దగ్గర అందరూ చెప్పుకుంటున్నారు, నీకు తెలీదా?"

అది పచ్చి అబద్ధం. ఆవం దగ్గర ఎవరూ ఏమీ చెప్పుకోలేదు. కానీ మాచన్న బల్లెం మెల్లిగా కిందికి దిగింది. అతను ఒక కుండ దగ్గరికి వెళ్ళి, గుడ్డకు చెవి ఆనించాడు. తరవాత ఇంకోదానికి. మూడో కుండ దగ్గర ఆగిపోయాడు.

"మావాడు... చివర్లో ఇలాగే మూలుగుతాడు" అన్నాడు. కళ్ళల్లోంచి నీళ్ళు బొటబొటా కారాయి.

నిజంగా వాళ్ళవాడేనా, ఏ బిడ్డయినా అలాగే మూలుగుతుందా? చెంగల్వకు తెలియదు. తను చెప్పింది అబద్ధం, అతని కన్నీళ్ళు నిజం. ఒక్క క్షణం తనూ ఆ తాంబూలం నమిలేవాడిలాగే అయిపోయినట్టు అనిపించి ఒళ్ళు జలదరించింది. కానీ ఆలోచించడానికి తీరికెక్కడ? మాచన్న ఆ కుండను ఎత్తుకుని, "ఒరేయ్, వినండ్రోయ్!" అంటూ బయటికి పరుగెత్తాడు.

ఇక ఆ మాట నడిచిన నడక చూడాలి! డేరా గుమ్మం దాటేటప్పటికి 'మన ఊరి పిల్లల ఏడుపులట'. పొయ్యిల దగ్గరికి చేరేటప్పటికి 'మన ఊళ్ళు తగలబడ్డాయట, పిల్లలొక్కళ్ళే మిగిలారట'. జూదం ఆడేవాళ్ళ దగ్గర 'జీతాలెందుకు రావట్లేదో తెలిసిందా? పిల్లల్ని అమ్మేశారట'. ఏనుగుల వరస దగ్గరికి వచ్చేసరికి 'రాజుగారి చిన్నకొడుకునే కుండలో పెట్టేశాడట'. మంగలివాడు సగం గీసిన గడ్డం వదిలేసి పరుగెత్తాడు. ఆ సగం గడ్డంవాడు వాడి వెనక పరుగెత్తాడు.

నల్లపట్టు డేరా మీదికి జనం విరుచుకుపడ్డారు. ఎవరి బిడ్డ ఏ కుండలో ఉందోనని గుడ్డలు లాగేశారు. లాగిన ప్రతి కుండలోంచీ ఏడుపు ఎగిరి బయటపడింది. వెండిజరీ చెవులు చిరిగాయి, అరలు కూలాయి, పెంకులు ఎగిరాయి. వందల ఏడుపులు ఒక్కసారి గిర్రున సుడి తిరిగి, ఏనుగుల చెవుల్లో దూరాయి. ఏనుగులు గొలుసులు తెంపుకున్నాయి. ఒక ఏనుగు సేనానిగారి డేరాను తలపాగాలా నెత్తిన పెట్టుకుని పొలాలకు అడ్డంపడి పోయింది. పొదల్లో ఉన్న గుర్రపుదండు ఏం జరిగిందో తెలియక సగం ఇటు తిరిగింది.

చెంగల్వ పసివాణ్ణి కొంగుతో పొట్టకు కట్టుకుని, వాడి తల మీద చెయ్యి అడ్డం పెట్టి, ఏనుగుల కాళ్ళ మధ్యా, పొయ్యిల మీదుగా, డేరాల తాళ్ళ కిందుగా పరుగెత్తింది. తోడు తీసేశాక పెరుగేముంది? ఎగిరిన ఏడుపులు పలచబడి, పలచబడి, గాలిలో కలిసిపోయాయి. ఆమె వెదురుపొదలు చేరేసరికి కోటవైపు నిశ్శబ్దంగా ఉంది. చందమామ ఇంకా తాటిమట్టల మధ్యే చిక్కుకుని ఉన్నాడు. గోడ మీదనుంచి తిప్పక్క గొంతు కందకం దాటి వినిపించింది.

"ఆగిందే! ఏడుపాగిందర్రా! రోకళ్ళు దించండి!"

ఇంకేముంది, ఉత్తరపు గట్టుకు వెళ్ళి బుట్టెక్కడమే. చెంగల్వ తుమ్మపొదల వైపు అడుగు వేసింది.

అప్పుడు వినిపించింది. పొన్ని ఏడుపు.

అన్నిటిలా గుక్కపెట్టిన ఏడుపు కాదు. ముందు రెండు చిన్న కేకలు, తరవాత దగ్గినట్టు ఒక విరుపు, తరవాత దీర్ఘం. ఆ విరుపు లోకంలో ఇంకే బిడ్డకూ లేదు. చెంగల్వ కాళ్ళు వాటంతట అవే గట్టు వైపు తిరిగాయి.

"వెళ్ళమ్మా, వెళ్ళు. కూతురు ఏడుస్తోంది" అని తియ్యటి గొంతు ఒకటి పలికింది.

వెదురుపొదల అవతల, వెన్నెల్లో, తెల్లపంచె మనిషి నిలబడి ఉన్నాడు. జుట్టు చెదరలేదు. చంకలో ఒక కుండ ఉంది. దాని మీద పసుపుగుడ్డ ఉందో లేదో నీడలో కనబడలేదు. అతని వెనక, చప్పుడు చెయ్యకుండా, గిట్టలకు గుడ్డలు కట్టిన గుర్రాలు బారులు తీరి ఉన్నాయి.

"సందెవేళ బురుజు మీద జోల పాడావు చూడు, అప్పుడు నీ భుజాన ఉన్న పిల్ల కూడా కాస్త ఏడ్చింది. ఇది ఆ ఏడుపైనా కావచ్చు. లేదూ, ఇప్పుడు నిజంగానే ఏడుస్తూ ఉండొచ్చు. పాపం, పిల్ల ఎవరి చేతుల్లో ఉందో! నేను నిన్ను ఆపను. నువ్వు ఏ దారిన వచ్చావో ఆ దారినే వెళ్ళు."

ఏ దారిన వచ్చావో ఆ దారినే. చెంగల్వకు అర్థమైంది. వాడికి తను అక్కర్లేదు, ఒళ్ళోని పసివాడూ అక్కర్లేదు. గోడ దిగిన చోటు కావాలి. తను పరుగెత్తితే గుర్రాలు వెనకే వస్తాయి. ఇరుకు కందకం, వేలాడే తాడు, దింపి ఉంచిన బుట్ట, అన్నీ చూపించినట్టవుతుంది.

పొన్ని మళ్ళీ ఏడ్చింది. ఈసారి విరుపు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది. కుండలో ఏడుపు అలా ఆగుతుందా? జోల పాడి చూద్దామంటే, పాడినా పిల్ల ఆగినా, ఆగకపోయినా, తన గొంతు ఎటు తిరిగి పాడిందో చూసి వాడు ఆ వైపే గుర్రాలను తోలుతాడు. రవికె తడిసిపోయింది. పొట్టకు కట్టుకున్న పసివాడు తడి తగిలి నోరు తెరిచాడు.

"నా కూతురు ఏడవదు" అంది చెంగల్వ. "దానికి మీసాలతో ఆడుకోనిచ్చేవాడు ఒకడు దొరికాడు."

అని, కోటకు వీపు తిప్పి, పడమటి కనుమల వైపు, తుప్పలూ రాళ్ళూ అడ్డంపడి పరుగు లంకించుకుంది.

"పట్టుకోండి!" అని మొదటిసారి ఆ తియ్యటి గొంతు చేదుగా అరిచింది. గిట్టలు నేలను కొట్టాయి. గుర్రాలన్నీ కోటను వదిలి ఆమె వెనక పడ్డాయి. ముందు కొండవాగు, ఆ పైన కనుమ, ఆ కనుమలో ఎక్కడో రాజకుమారుడి దండు ఉందో లేదో తెలియదు. చెంగల్వ వాగులోకి దూకింది. నీళ్ళు నడుం దాకా వచ్చాయి. పసివాణ్ణి నెత్తికెత్తుకుంది. వెనకనుంచి ఆ ఏడుపు ఇంకా వస్తూనే ఉంది. రెండు కేకలు, ఒక విరుపు, ఒక దీర్ఘం. అది కుండదో, కోటదో ఆమెకు తెలియదు. వెనక్కి తిరిగి చూడ్డానికి లేదు.

ఈ వాగు దాటి ఆమె ఒడ్డెక్కేదాకా నేను ఆమెను వదలలేను. చదివే అమ్మలారా, అయ్యలారా, మీకు గుర్రాలు అడ్డం లేవు, మొసళ్ళ భయం లేదు. మీలో ఎవరైనా ఒకరు, ఆమె బదులు, ఆ ఉత్తరపు గోడ మీదికి వెళ్ళి, దళవాయి చేతుల్లో పొన్ని ఎలా ఉందో ఒక్కసారి చూసి రండి. ఏడుస్తూ ఉంటే ఎత్తుకోండి. నిద్రపోతూ ఉంటే మాత్రం లేపకండి.